జాజ్ (మతీస్ చిత్రగ్రంథం)

జాజ్ ఫ్రెంచి చిత్రకారుడు హెన్రీ మతీస్ (1869 - 1954) రూపొందించిన చిత్రగ్రంథం. దీనిని తేరియాద్ అనే ప్రచురణకర్త 1947లో పారిస్‌లో వెలువరించాడు. ఇందులో 20 రంగుల చిత్రాలు, వాటి మధ్య మతీస్ స్వదస్తూరీతో వ్రాసిన వ్యాఖ్యలు ఉన్నాయి.

నేపథ్యం
1941లో క్యాన్సరుకు జరిగిన శస్త్రచికిత్స తరువాత మతీస్ చాలాకాలం మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. నిలబడి తైలవర్ణ చిత్రాలు వేయడం కష్టమైనందున కత్తెరను ప్రధాన సాధనంగా చేసుకున్నాడు. సహాయకులు గ్వాష్ రంగు పూసిన కాగితాలను అతడు నేరుగా ఆకారాలుగా కత్తిరించేవాడు. ఆ ముక్కలను గుండుసూదులతో గుచ్చి, కూర్పు కుదిరేవరకు స్థానాలు మార్చేవాడు. ఈ గ్రంథంలోని చిత్రాలు చాలావరకు 1943, 1944 సంవత్సరాలలో ఇలా తయారైనవే.

సంగీతంతో సంబంధం
చిత్రాల శీర్షికలలో ఒక్కటి కూడా జాజ్ సంగీతాన్ని గాని, వాద్యకారులను గాని పేర్కొనదు. వీటిలో ఎక్కువ సర్కస్, జానపద గాథలు, ప్రయాణాలకు సంబంధించినవి. గ్రంథానికి మొదట అనుకున్న పేరు కూడా సర్కస్. జాజ్ అనే పేరును తేరియాద్ సూచించగా మతీస్ అంగీకరించాడు. జాజ్ కళాకారుడు ఒక మూల రాగాన్ని తీసుకొని అప్పటికప్పుడు దానిని విస్తరిస్తాడు. మతీస్ కూడా ఆకు, నాచు వంటి ఒకే ఆకారాన్ని రంగు మార్చి, దిశ మార్చి పలుచోట్ల వాడాడు. ఆకారాన్ని కత్తిరించగా మిగిలిన ఖాళీ కూడా మరొక ఆకారంగా పనిచేస్తుంది. చిత్రాల నడుమ పెద్ద నల్లని అక్షరాలతో ఉన్న పుటలు రంగుల ధాటికి విరామాన్ని ఇస్తాయి.

ముద్రణ
చిత్రాలను పోష్వార్ అనే స్టెన్సిల్ పద్ధతిలో ఎడ్మండ్ వైరెల్ ముద్రించాడు. ఒక్కొక్క రంగుకు వేరుగా స్టెన్సిల్ కత్తిరించి, దాని గుండా కుంచెతో చేతితో రంగు అద్దుతారు. మూలచిత్రాలకు వాడిన గ్వాష్ రంగులనే ముద్రణకు కూడా వాడారు. వ్యాఖ్యలతో కూడిన ప్రతులు 250, అమ్మకానికి కానివి 20, చిత్రాలు మాత్రమే గల సంపుటాలు 100 వెలువడ్డాయి.

ప్రభావం
ముద్రిత ప్రతులు మతీస్‌కు పూర్తి తృప్తినివ్వలేదు. అతికించిన కాగితాల అంచులలోని సున్నితత్వం ముద్రణలో పోయిందని అతడు భావించాడు. అప్పటికప్పుడు పుట్టిన స్వరకల్పనను యథాతథంగా అచ్చులో పట్టడంలో ఉన్న చిక్కు ఇదే. అటుపిమ్మట కాగితపు కత్తిరింపులు అతని చివరి దశలో స్వతంత్ర కళారూపంగా ఎదిగాయి. 1952 నాటి నీలి నగ్నచిత్రాలు ఇందుకు ఉదాహరణ. నీలి నేపథ్యం, పసుపు నక్షత్రాల మధ్య ఎర్రని గుండెతో పడిపోతున్న నల్లని మనిషిని చూపే "ఇకారస్" ఈ గ్రంథంలో అత్యంత ప్రసిద్ధ చిత్రం.