సంఘం కంప్యూటర్‌కు ఎంత డిస్కు కావాలి?

సంఘానికి కంప్యూటర్ కొనాలని పాలకవర్గం తీర్మానించగానే, లెక్కలు దాచే డిస్కు ఎంతది తీసుకోవాలనే ప్రశ్న వస్తుంది. బడంగ్‌పేట్ పరిసరాల వారికి సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ అందుబాటులోనే ఉంది. కాని దుకాణం మెట్లెక్కే ముందే లెక్క వేసుకొని పోవాలి. లేనిచో అమ్మేవారు చెప్పిందే లెక్క అవుతుంది. ఖర్చయ్యేది సభ్యుల డబ్బు.

నూరుగురు సభ్యులు పాలు పోసే సంఘాన్ని తీసుకుందాం. రోజుకు రెండు పూటలు, 365 రోజులు. ఏడాదికి 73,000 పద్దులు. ఒక్కొక్క పద్దులో సభ్యుని నంబరు, తేదీ, పూట, లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., రేటు, చెల్లించవలసిన మొత్తం ఉంటాయి. వీటన్నిటికీ 200 బైట్లు, అంటే 200 ఇంగ్లీషు అక్షరాలు పట్టేంత చోటు ధారాళంగా చాలు. ఈ లెక్కన ఏడాదికి 15 ఎం.బి. లోపే. అరచేతిలో ఇమిడే 16 జి.బి. పెన్‌డ్రైవ్‌లో ఇటువంటి నూరు సంఘాల పదేళ్ల పాల లెక్క పడుతుంది!

పాస్‌బుక్కు, ఆధార్ నకళ్లు స్కాన్ చేసి దాచినా కాగితానికి అర ఎం.బి. చొప్పున, మనిషికి ఐదు కాగితాలకు మొత్తం 250 ఎం.బి. ఇదీ పెద్దది కాదు.

అసలు చోటు మింగేది కెమెరా. సెకనుకు 2 మెగాబిట్లు నమోదు చేసే కెమెరాకు రోజుకు 21.6 జి.బి. కావాలి. రెండు కెమెరాలకు నెలకు దాదాపు 1,300 జి.బి. అదే పాలు పోసే నాలుగు గంటలే నమోదయ్యేట్టు అమర్చితే 216 జి.బి.తో సరి. రాత్రంతా ఖాళీ క్యానులను చిత్రీకరించడం అవసరమా అన్నది పాలకవర్గమే తేల్చుకోవాలి.

విండోస్ 11కు కనీసం 64 జి.బి. డిస్కు ఉండాలి. కనుక కెమెరాలు లేని సంఘానికి 256 జి.బి. చాలు. కెమెరాలుంటే 1 టి.బి. తీసుకోవచ్చు. అది కంప్యూటర్‌లో 931 జి.బి.గా కనిపిస్తే దుకాణదారుతో తగవు పడనవసరం లేదు. పెట్టె మీద వెయ్యి లెక్క, కంప్యూటర్‌లో 1,024 లెక్క, అంతే తేడా.

మిగిలిన డబ్బును బయట తగిలించే డ్రైవుల మీద పెట్టాలి. ఏడాది చివరి బోనసు పంచేది పోసిన పాల లెక్క చూసే. 2014లో విజయ డెయిరీకి పాలు పోసే రైతులకు ప్రభుత్వం ప్రకటించిన 4 రూపాయల ప్రోత్సాహకం కూడా లీటరు లెక్కనే. డిస్కు చెడి లెక్క పోతే, చీటీలు దాచుకోని చిన్న రైతే ముందు నష్టపోతాడు. డిస్కు ఎంత పెద్దదైనా చెడిపోవడం మానదు.

అందుచేత రెండు చిన్న డ్రైవులు కొని, వారం విడిచి వారం ఒక్కొక్కదానిలో నకలు తీయాలి. ఒకటి కార్యాలయం బీరువాలో, రెండవది అధ్యక్షుని ఇంట్లో ఉండాలి. నకలు తీయగానే డ్రైవును విడదీయాలి. తగిలించి వదిలేస్తే పిడుగుకో, వోల్టేజి హెచ్చుతగ్గులకో, వైరస్‌కో కంప్యూటర్‌తోపాటు అదీ పోతుంది. నెలకొకసారి నకలులోంచి ఒక సభ్యుని బిల్లు తెరిచి, ఆయన చేతి చీటీతో సరిచూడాలి. తెరుచుకోకపోతే ఆ వారమే డ్రైవు మార్చాలి.