ఆరెంజి క్రోమైడు చేపలు: ఇంట పిల్లలను పెంచు విధము

సేద్యపు పనులు తక్కువగా నుండు మాసములలో ఇంటనే అద్దపు తొట్లలో రంగుచేపలను పెంచి పట్టణపు దుకాణములకు అమ్మవచ్చునా యని మన సంఘ సభ్యులు కొందఱు అడుగుచున్నారు. అమ్మవచ్చును. అయితే ఏ చేపతో ఆరంభింపవలె నను విషయమున తొందర కూడదు. రంగుచేపలలో పెక్కు జాతులు గ్రుడ్లను విడిచి తమ దారిని తాము పోవును. ఆకలియైనచో ఆ గ్రుడ్లనే తినును. సిక్లిడు కుటుంబపు చేపలు అట్లుగాక గ్రుడ్లను, పిల్లలను కావలి గాచి పెంచును. పెంపకమున సగము శ్రమ తల్లిదండ్రులే వహించుట చేత క్రొత్తవారికి ఇవి అనుకూలములు.

ఈ కుటుంబపు జాతులు అధికముగా ఆఫ్రికా, అమెరికా ఖండముల నీళ్లకు జెందినవి. మన దేశమున సహజముగా నున్నవి మూడే. పులికాటు సరస్సున దొరకు దువ్వెనచేప వానిలో పెద్దది. కేరళీయులు కరిమీ నని పిలిచి మిక్కిలి ప్రీతితో తిను చేప యిదియే. 2010లో ఆ రాష్ట్రము దీనిని తమ రాష్ట్రమత్స్యముగా ప్రకటించినది. రెండవది కన్నడదేశపు నదులకు జెందినది. మూడవదియే ఆరెంజి క్రోమైడు. దీని పొడవు సుమారు 8 సెంటీమీటర్లు. పసుపును నారింజయు కలిసిన మేనివన్నె, ప్రక్కను నల్లని మచ్చ. కొంచెము ఉప్పదనము గల నీరే దీనికి హితము గనుక, మంచినీటి చేపలు ఓర్వలేని మన తీరగ్రామముల బావినీరు దీనికి చక్కగా సరిపడును.

60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు గల తొట్టి యొక జతకు చాలును. అందు సుమారు 50 లీటర్ల నీరు పట్టును. 10 లీటర్లకు 20 గ్రాముల చొప్పున రాళ్ళ ఉప్పు కరగించి పోయవలెను. కొళాయి నీరైనచో వెడల్పు పాత్రలో ఒక దినము నిలువ యుంచి, క్లోరిను వాసన పోయిన పిదపనే వాడవలెను. అడుగున ఇసుక, నునుపైన రాళ్ళు రెండు మూడు, ఒక మూల బోర్లించిన కుండపెంకు, ఇంతే యలంకారము. నీటిని శుభ్రపఱచుటకు గాలితో నడుచు స్పంజి వడపోత మేలు. మోటారు వడపోత చిన్నపిల్లలను లోనికి పీల్చివేయును.

పైకి చూచి ఆడుమగలను గుర్తించుట కష్టము. కావున పిల్ల చేపలను ఆఱింటిని కొని కలిపి పెంచినచో, ఈడు వచ్చిన పిమ్మట అవియే జతగూడును. జతగూడిన రెండును ఇతర చేపలను తఱుముచు ఒక రాతిని నోటితో తోము చుండుట చూచిన దినమున, తక్కిన నాలుగింటిని వేఱు చేయవలెను. ఆడుచేప ఆ రాతిమీద సుమారు 200 గ్రుడ్లను అంటించును. ఒకటి రెక్కలతో నీటిని విసరుచుండ రెండవది కాపుండును. వంతులు మార్చుకొనుచు పని నడపును. నాలుగైదు దినములలో గ్రుడ్లు పగులును. అప్పుడు పిల్లలు ఈదలేవు; తల్లిదండ్రులు వానిని నోట గఱచికొని ఇసుకలో తాము త్రవ్విన గుంటలోనికి చేర్చును. కడుపులోని సొన కరగువఱకు వానికి ఆహార మక్కఱలేదు.

ఈ ఘట్టముననే నేను మొదటిసారి చెడితిని. పెద్దచేపలు పిల్లలను నోట బెట్టుకొనుట చూచి తినుచున్నవని భ్రమపడి, గుంటలోని పిల్లలను గొట్టముతో తీసి వేఱు గిన్నెలో వేసితిని. ఈద మొదలిడిన పిదప కోడిగ్రుడ్డు పచ్చసొన నలిపి చల్లితిని. రెండవ ఉదయమునకు నీరు తెల్లనై, ఒక్క పిల్లయు మిగులలేదు. తినగా మిగిలిన సొన క్రుళ్ళి అమ్మోనియా పుట్టినది. ఆ విషమును విఱుగజేయు సూక్ష్మజీవులు క్రొత్త గిన్నెలో నుండవు. పాత తొట్టిలోని స్పంజిలోనే అవి నివసించును. పిల్లలను విడిగా పెంచదలచిన వారు ఆ తొట్టి నీటిని, వాడిన స్పంజిని గూడ వెంట తీసికొని పోవలెను.

తల్లిదండ్రుల వద్ద నుంచుటలో మఱియొక లాభము కలదు. ఈ జాతి పిల్లలు పెద్దచేపల మేనిపై నూరు జిగురును కొఱికి తినును. వార్డు, బార్లో యను శాస్త్రజ్ఞులు పిల్లల యీ నడవడిని గూర్చి 1967లో వివరముగా ప్రకటించిరి. అయినను ఈ జిగురు మాత్రమే చాలదు. రొయ్యల హేచరీలలో వాడు ఆర్టీమియాయే మేలైన మేత. లీటరు నీటికి 25 గ్రాముల ఉప్పు వేసి, గాలి యూదుచు, ఆర్టీమియా గ్రుడ్లను చిటికెడు చల్లినచో ఒక దినము, ఒకటిన్నర దినములో పొదిగి వచ్చును. గాలి నాపి ఒక ప్రక్క దీపముంచినచో పురుగులు వెలుగున గుమిగూడును, ఖాళీ పెంకులు పైకి తేలును. సన్నని గొట్టముతో పురుగులనే తీసి మంచినీట కడిగి, దినమునకు మూడు నాలుగు మారులు కొద్దికొద్దిగా వేయవలెను. పిల్లల కడుపులు నారింజరంగున నుబ్బినచో మేత అందినదని తెలియును. రెండు దినముల కొకసారి అయిదవవంతు నీరు తీసి, అంతే వెచ్చదనము, ఉప్పదనము గల నీటిని మెల్లగా పోయవలెను.

మిగిలిన పిల్లలను చెఱువులోనో కాలువలోనో విడుతమని కొందఱు తలంతురు. అట్లు చేయరాదు. ఈ చేప మన దేశపుదే యైనను తొట్టిలోని రోగములు దానివెంట పోవును. విదేశపు చేపలైనచో కీడు మఱింత యెక్కువ. 1952లో తెచ్చిన తిలాపియా యీ కుటుంబపుదే; తల్లి గ్రుడ్లను నోటనే పొదుగుట చేత విరివిగా వృద్ధియై, ఎన్నో చెఱువులలో ఇతర చేపల మేతను అపహరించినది. అద్దములు నాకునని తొట్లలో పెంచిన సకరు చేప ఈనాడు మన చెఱువులలో వలలను చింపుచున్నది. ఎక్కువైన పిల్లలను ఇరుగుపొరుగు సభ్యులకు ఊరక నిచ్చుట మంచిది.

తల్లిదండ్రులు మరల రాతిని తోమ మొదలిడి, పెరిగిన పిల్లలను తఱుమ జొచ్చినచో, ఆ దినమే పిల్లలను పెద్ద తొట్టికి మార్చవలెను. ఆలస్యమైనచో మూలలలో నక్కిన పిల్లల తోకలు చినుగును; తోక చినిగిన చేపను దుకాణదారుడు కొనడు.