మాటల్లేని బొమ్మలు.. ఇంట తెలుగు మాటలు

సాల్ట్ లేక్ (కోల్‌కతా): వీధిలో బెంగాలీ, బడిలో హిందీ, ఆంగ్లం. సెక్టార్ 5 ఐటీ సంస్థల్లో ఉద్యోగాల కోసం సాల్ట్ లేక్‌కు వచ్చిన తెలుగు కుటుంబాల్లో పిల్లలకు మాతృభాష వినిపించేది ప్రధానంగా తల్లిదండ్రుల నోటనే. ఆ కాస్త సమయాన్నీ టీవీ మింగేస్తుందన్న బెంగ సహజం. అయితే ‘టామ్ అండ్ జెర్రీ’ వంటి పాతకాలపు కార్టూన్లను బిడ్డ పక్కన కూర్చుని చూస్తే, అవే తెలుగు పలికించే సాధనాలు కాగలవు.

వాటిలో సంభాషణలు దాదాపు ఉండకపోవడమే ఇందుకు కారణం. విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా రూపొందించిన తొలి చిత్రం 1940 ఫిబ్రవరి 10న విడుదలైంది. అందులో పిల్లి పేరు జాస్పర్. టామ్ అన్న పేరు తర్వాతిది. ఈ చిత్రాలు 7 ఆస్కార్లు గెలుచుకున్నాయి. కథ నడిపేది స్కాట్ బ్రాడ్లీ సంగీతం. పిల్లి మునివేళ్లపై నడిస్తే వాద్యమూ అలాగే అడుగులు వేస్తుంది. మాటల ఖాళీ మాత్రం అలాగే మిగులుతుంది. ‘‘ఇప్పుడేం చేస్తుందో చెప్పు’’ అని అడిగితే నక్కింది, జారింది, బొక్కబోర్లా పడింది, తోక ముడిచింది అంటూ బిడ్డ దానిని నింపుతుంది. ఏ వాచకమూ ఏడు నిమిషాల్లో ఇన్ని క్రియలు నేర్పదు.

ఈ హాస్యం మనకు పరాయిది కాదు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క, జుట్టు పోలిగాడు చేసే పని ఇదే. బెంగాల్‌కూ తనదైన అల్లరి జంటలున్నాయి. నారాయణ్ దేబ్‌నాథ్ 1962లో ‘హాందా భోందా’ను, 1969లో ‘నొంటే ఫొంటే’ను బొమ్మల కథలుగా ప్రారంభించారు, రెండోది తర్వాత టీవీకీ ఎక్కింది. 2021లో పద్మశ్రీకి ఎంపికైన ఆయన 2022 జనవరిలో కన్నుమూశారు. బెంగాలీ చదవలేని వారికీ ఆ బొమ్మలు సగం కథ చెబుతాయి.

దెబ్బల మాటేమిటి? స్లాప్‌స్టిక్ అన్న పేరే, ఇటలీ హాస్య నాటకాల్లో చప్పుడు గట్టిగా, దెబ్బ తేలికగా ఉండేలా వాడిన చెక్కబద్దను సూచిస్తుంది. పెద్దలకు తెలిసిన ఈ కిటుకు నాలుగేళ్ల బిడ్డకు తెలియదు. ‘‘నిజంగా అయితే నొప్పి పుట్టదా?’’ అని అడగవలసింది పక్కనున్నవారే. కొన్ని పాత చిత్రాల్లో నల్లజాతి పనిమనిషిని చూపిన తీరు అవమానకరం. అవి అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే అన్న అర్థంలో వార్నర్ బ్రదర్స్ స్వయంగా హెచ్చరిక జోడించింది. అటువంటివాటిని పెద్దలు ముందే చూసి పక్కన పెట్టడం మేలు.

రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఏడేసి నిమిషాల చిత్రాలు మూడైతే ఇరవై ఒక్క నిమిషాలు. ఛానెల్ మాత్రం ఒకదాని వెంట మరొకటి వేస్తూనే ఉంటుంది. మూడోది ముగియగానే టీవీ కట్టేసి, చూసిన కథను ఊళ్లోని అమ్మమ్మకు ఫోన్లో చెప్పిస్తే, ఆ ఎలుక ఎలా తప్పించుకుందో బిడ్డ తెలుగులోనే వివరించవలసి వస్తుంది.