చల్లని మాట

మొన్న అనువాదపు తరగతిలో విద్యార్థులకు ఒక ఆంగ్లవాక్యం ఇచ్చినాను. మంత్రిగారి ప్రతిపాదనకు సభలో ‘కూల్ రిసెప్షన్’ లభించినదని దాని సారాంశం. తెలివైన విద్యార్థి ఒకడు, “మంత్రిగారి ప్రతిపాదనకు సభలో చక్కని ఆదరణ లభించినది” అని వ్రాసినాడు. సభ్యులు దానిని అంటీ అంటనట్లు, నిరుత్సాహంగా విన్నారని అసలు అర్థం. ఎఱ్ఱ సిరాతో కొట్టివేసినాను.

అబ్బాయి నిఘంటువు తెచ్చి వినయంగానే నా ముందు పెట్టినాడు. “మాస్టారూ, ‘కూల్’ అంటే బాగున్నదని ఇందులో ఉన్నది గదండీ!” అన్నాడు. నిజమే, ఉన్నది. అబ్బాయి లేని అర్థాన్ని కల్పించలేదు. నిఘంటువు అబద్ధం చెప్పలేదు. అయినా వాక్యం తలక్రిందులైనది. నాలుగే అక్షరాల ఆ ఆంగ్లపదం కథ ఆ పూట తరగతిలో చెప్పక తప్పలేదు.

‘కూల్’ ప్రాచీనాంగ్లం నాటి మాట. ‘కోల్డ్’, ‘చిల్’ అనేవి దీని తోబుట్టువులు. గడ్డకట్టించే చలి కాదు, వేడి తగ్గిన చల్లదనం దీని మొదటి అర్థం. శరీరానికి తెలిసినదానిని మనస్సుకు అన్వయించుట ఏ భాషకైనా సహజం. ‘బేవుల్ఫ్’ అనే ప్రాచీన కావ్యంలోనే ఒక రాజుకు భార్యపై ప్రేమ చల్లారుటను గూర్చి ఈ మాట కనబడుతుంది. షేక్‌స్పియర్ నాటకాలలో ఆవేశానికి లొంగని వివేకానికీ, ఓర్పుకూ ఇది విశేషణం. ఈ విధంగా మాట రెండు దారులు పట్టినది. ఉద్రేకం లేకపోవుట నిబ్బరం, అది గుణం. ఆప్యాయత లేకపోవుట ఉదాసీనత, అది దోషం. మా విద్యార్థి గుర్తింపక దాటిపోయినది ఈ రెండవ దారినే.

దారులు అంతటితో ఆగలేదు. పద్దెనిమిదవ శతాబ్దిలో ఈ మాట ధనరాసులకు ముందు చేరి, ‘అక్షరాలా అంత మొత్తం’ అన్న నొక్కును ఇచ్చినది. డికెన్స్ 1860-61లో ప్రకటించిన ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ నవలలో కమ్మరి జో, ఒకరికి వీలునామా ద్వారా ‘కూల్’ నాలుగువేల పౌనులు ముట్టినవని చెప్పుతాడు. ఆ సొమ్ముకు చల్లదనం ఎక్కడి నుండి వచ్చినదో కథానాయకునికి అంతుబట్టదు. కాని ఆ విశేషణం తగిలించుటతో జో దృష్టిలో మొత్తం మరింత పెద్దదైనదని మాత్రం గ్రహిస్తాడు.

అదే కాలంలో ‘తొణకని దబాయింపు’ అనే అర్థమూ ప్రచారంలో ఉన్నది. 1860 ఫిబ్రవరి 27న న్యూయార్కులో చేసిన ప్రసిద్ధోపన్యాసంలో అబ్రహాం లింకన్ దానినే వాడినాడు. తమకు గిట్టనివాడు అధ్యక్షుడైతే దేశాన్ని చీల్చుతామనీ, ఆ పాపం మాత్రం ఎదుటి పక్షానిదేననీ బెదిరించే దాక్షిణాత్యుల వాదాన్ని ఆయన ‘కూల్’ అన్నాడు. నేటి అర్థం పట్టుకొని చదివే విద్యార్థికి లింకన్ ఆ బెదిరింపును మెచ్చుకొన్నట్లు తోచవచ్చును! ఒక్క మాట కాలం తెలియకపోతే చరిత్రే తారుమారవుతుంది.

నేటి మెచ్చుకోలు అర్థం పండితుల ఇంట పుట్టినది కాదు. అది అమెరికాలోని నీగ్రోజాతివారని నాడు పిలువబడిన నల్లవారి పలుకుబడి. జోరా నీల్ హర్‌స్టన్ 1933లో ప్రకటించిన ఒక కథలో పాత్రల నోట ఆ వాడుక వినవస్తుంది. 1940 తరువాత జాజ్ వాద్యగాండ్రు దానిని వ్యాప్తికి తెచ్చినారు. మైల్స్ డేవిస్ 1949, 1950 సంవత్సరాలలో వాయించిన పాటలు 1957లో ‘బర్త్ ఆఫ్ ది కూల్’ అన్న పేరుతోనే వెలువడినవి. కోపం పైకి చూపితే ప్రాణానికే ముప్పు వచ్చే సంఘంలో, ముఖాన నిబ్బరం నిలుపుకొనుట వారికి కేవలం సొగసు కాదు, ఆత్మరక్షణ, ఆత్మగౌరవం కూడా. పశ్చిమాఫ్రికాలోని యోరుబా జాతివారు ‘ఇతుతు’ అనే మాటతో చల్లదనాన్నీ, శాంతగుణాన్నీ ఒక్కటిగా చెప్పుకొంటారని కళాచరిత్రకారుడు రాబర్ట్ ఫారిస్ థాంప్సన్ వివరించినాడు. ఇంతటి మాటను అల్లరి పిల్లల యాసగా కొట్టిపారవేయుట న్యాయమా?

తెలుగువారికి ఈ చల్లదనం క్రొత్త కాదు. చలిదేశపు ఆంగ్లేయునికి ప్రేమ వెచ్చనిది; ఎండలలో పుట్టిన మనకు చల్లనిది. ‘చల్లగా ఉండు నాయనా’ అని దీవిస్తాము. ‘అంతా మీ చలువ’ అని కృతజ్ఞత చెప్పుకొంటాము. అయినా ఉత్సాహం చల్లారినదని విచారించేదీ మనమే. పని ఎగవేసి ‘చల్లగా జారుకొన్న’వానిని తప్పుపట్టేదీ మనమే. ఒకే మాట మన నోటనూ దీవెనగా, లోపంగా, ఎత్తిపొడుపుగా పలుకుతూనే ఉన్నది. ఎక్కడ ఏది పలుకుతున్నదో మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. పరభాషలో మాత్రం ఆ తెలివిడిని శ్రమించి సంపాదించవలసి ఉంటుంది.

కనుక విద్యార్థులకు నా మనవి: నిఘంటువులో కంటబడిన మొదటి అర్థాన్నో, తమకు పరిచితమైన అర్థాన్నో పట్టుకొని పరుగెత్తవద్దు. ఈ మాటను ఎవరు, ఎవరితో, ఏ కాలంలో, ఏ సందర్భంలో అన్నారో విచారింపుడు. తోటి ఉపాధ్యాయులకు మనవి: వాడుకమాట వినబడగానే బెత్తం ఎత్తవద్దు. దానికి తగిన చోటు ఏదో చూపుట మన పని.

ఆనాడు నేను చేసిన లోపమూ అదే. గీత గీసినాను గాని కారణం చెప్పలేదు. అబ్బాయి వ్రాతపుస్తకంలో ఆ ఎఱ్ఱగీతను తుడిచివేయలేదు; అనువాదం తప్పే. కాని దాని ప్రక్కన మరునాడు ఒక ముక్క చేర్చినాను: “అర్థం ఉన్నదే, చోటు ఇది కాదు.”