అడవిబాటలో మొదటి పాఠము

రాజమహేంద్రవరమున నన్నయ తెనుగుసేయ నారంభించిన భారతము ఆయన చేత అరణ్యపర్వముకడ ఆగినది. ఎఱ్ఱన పూరించిన ఆ పర్వశేషమున యక్షుని కొలను కథ కలదు. దప్పిగొన్న నలుగురు తమ్ములు, వారించు పలుకును లెక్కచేయక నీరు త్రావి పడిపోయిరి. ధర్మరాజు నిలిచెను, వినెను, ఆలోచించెను; తమ్ములను బ్రతికించుకొని మరలెను. అడవికి పోవువారికి ఇంతకంటె మంచి మొదటి పాఠము లేదు.

డెల్టావారమైన మనకు ఈ పాఠము మరింత అవసరము. నీటినడుమనే పుట్టి పెరిగితిమి; కాని మన మెరిగినది కాలువనీరు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి అది లాకుల అదుపున నడచుచున్నది. కొండవాగునకు అట్టి అదుపు లేదు. మనము నిలిచినచోట ఎండ కాయుచుండగనే, పైకొండలపై కురిసిన వాన వాగును పొంగించును. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి చేరువనున్న జలతరంగిణి జలపాతమునకు విహారమేగిన వైద్యవిద్యార్థులలో ముగ్గురు, ఉన్నట్టుండి హెచ్చిన ప్రవాహమున కొట్టుకొనిపోయి మరణించిరి. వారు చదువుకొన్నవారే, వాగు చదువు వేరు.

ఆ చదువునకు అక్షరములు కొన్నియే. తేటనీరు మట్టిరంగు తిరుగుట, ఆకులు పుల్లలు తేలివచ్చుట, హోరు హెచ్చుట: వీనిలో ఒక్కటి కానవచ్చినను వెంటనే ఒడ్డెక్కి మెరకకు పోవలయును. మోకాలు దాటిన వడినీట దిగరాదు. ఆవలిగట్టున బస ఉన్నను, పొంగు తీయువరకు ఈవలనే ఆగవలయును. రాళ్లనడుమ సుడులలో ఈత కొరగాదు.

బయలుదేరుటకు ముందు అటవీశాఖ అనుమతి తీసికొనవలయును. ఏ త్రోవన పోవుచున్నామో, ఎన్నడు మరలివత్తుమో ఇంటివద్ద వ్రాసి యుంచవలయును. కొండలలో సెల్‌ఫోను పలుకని తావులు పెక్కు. వీపున మోయు మూట, మోయువాని బరువులో అయిదవవంతు మించరాదు. అందులో త్రాగునీరు, అటుకులు, బెల్లము, వానకోటు, టార్చిలైటు, ఈల ఉండవలయును. మన్యమున మలేరియా కలదు గనుక, బరువని దోమతెరను విడువరాదు. వాగునీటిని ఒక నిమిషమైనను మసలనిచ్చి, చల్లార్చి త్రాగవలయును. పాము కరచినచో గాటు పెట్టరాదు, బిగించి కట్టరాదు. ఆ అవయవమును కదలనీయక, రోగిని నడిపింపక, ఆసుపత్రికి చేర్చవలయును.

త్రోవ తప్పినచో పరుగిడరాదు. ఒకచోట కూర్చుండి మూడేసి మారులు ఈల వేయవలయును. అది దేశదేశములవా రెరిగిన ఆపదసంకేతము. వాగువెంట దిగినచో ఊరు చేరుదుమను నమ్మకము, ఈ సీమలో మనలను జలపాతపు అంచునకే చేర్చవచ్చును.

వీనికన్నిటికి మించిన అండ, పాపికొండల పరిసరములలో తరతరములుగా నివసించు కొండరెడ్ల అనుభవము. ఏ వాగు ఎప్పుడు పొంగునో వా రెరుగుదురు. “ఈపూట వద్దు బాబూ” అని వారిలో నొక పెద్ద అన్నచో, దానిని కొలనుగట్టున వినబడిన పలుకుగనే గ్రహింపవలయును.

ఉపాధ్యాయులు పిల్లలకు కొండలను తప్పక చూపవలయును. కాని పోవునాడు లెక్కించిన తలలు వచ్చునాడును సరిపోవలయును. జలపాతము చూడకయే మరలివచ్చిన దినమును వ్యర్థమని తలపరాదు. జలపాతము ఎక్కడికిని పోదు. మరుసటి ఏడును అక్కడనే యుండును.