పెద్దకార్యం అయ్యాక ఎవరొస్తారు?

తునిలో ఒకింట్లో పెద్దదిక్కు పోతే తాండవ వంతెన దాటి పాయకరావుపేట నుంచి వియ్యాలవారు వస్తారు, అన్నవరం వైపు నుంచి చుట్టాలు దిగుతారు. పరామర్శకు వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు గుమ్మం దిగుతూ అనే మాట ఉంది: “ఆయనతోనే అన్నీ పోయాయండి. ఇక ఎవరికి వారే.”

అపోహ: నడుమనున్న మనిషి పోతే చుట్టూ ఉన్నవాళ్లు చెదిరిపోతారు.

వాస్తవం: చాలాచోట్ల జరిగేది దీనికి తలకిందులు. విలియం హాబ్స్, మోయిరా బర్క్ 2017లో ‘నేచర్ హ్యూమన్ బిహేవియర్’లో ప్రచురించిన అధ్యయనంలో, చనిపోయిన సుమారు 15 వేల మంది ఫేస్‌బుక్ స్నేహాలను మరణం జరగని అలాంటివే మరో 30 వేల మంది స్నేహాలతో పోల్చారు. పోయిన మనిషి దగ్గరి స్నేహితులు తమలో తాము పలకరించుకోవడం 30 శాతం దాకా పెరిగింది. మొదటి నెలలో అది బాగా ఎక్కువ. ఆ ఊపు తర్వాత తగ్గింది కానీ, రెండేళ్లకు చూసినా మొత్తం పలకరింపులు మునుపటి కంటే తగ్గలేదు. 18–24 ఏళ్ల వాళ్లు మరింత బాగా కోలుకున్నారు. అయితే ఇక్కడ లెక్కకు వచ్చింది పలకరింపులే. దుఃఖం ఎంత తీరిందో ఆ అంకెలు చెప్పవు.

అపోహ: ఎక్కువమందిని ఎరిగినవాడు పోతేనే పెద్ద లోటు.

వాస్తవం: తగవులు తీర్చే మనిషి లోటు అంతకంటే పెద్దది కావచ్చు. 2006లో జెస్సికా ఫ్లాక్ బృందం ఒక మకాక్ కోతుల గుంపులోంచి కొట్లాటలు ఆపే కొన్ని మగకోతులను తాత్కాలికంగా తప్పించింది. మిగిలినవి ఆడుకునే, పేలు చూసుకునే తోడు తగ్గిపోయింది. మనుషులు కోతులు కారు, నిజమే. కానీ మామిడితోట పంపకం కోర్టుకెక్కకుండా ఆపిన పెద్దాయన పోయాక అన్నదమ్ములు ముఖాలు తిప్పుకున్న ఇళ్లు మనకు తెలియనివా?

అపోహ: బలవన్మరణం జరిగిన ఇంటికి వెళ్లకపోవడమే మర్యాద.

వాస్తవం: పైన చెప్పిన ఫేస్‌బుక్ అధ్యయనంలోనే, అందరికన్నా తక్కువ కోలుకున్నవి ఆత్మహత్యతో మనిషిని పోగొట్టుకున్న స్నేహబృందాలు. మన దగ్గర పరువు కోసం ఇంటివాళ్లు కారణం దాస్తారు, ఏం మాట్లాడాలో తెలియక వచ్చినవాళ్లు త్వరగా లేస్తారు. పెద్దకార్యం అయ్యాక ఆ వీధిలోకి ఎవరూ రారు. ఏమీ అడగకుండా కాసేపు అరుగు మీద కూర్చుని వచ్చినా చాలు. మనసు మరీ బరువెక్కితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.