ఎత్తయిన ఇంటికి ఎక్కువ ధర పలుకుతుందా?

మే నెల... మిట్టమధ్యాహ్నం. కర్నూల్లో అమ్మకానికి పెట్టిన ఓ ఇంటిని చూసుకోవడానికి ఒక కుటుంబం వచ్చిందనుకోండి. గుమ్మం దాటగానే ఇంటాయన తల పైకెత్తి ‘అబ్బో, పన్నెండడుగులుందే!’ అంటాడు. ఇల్లాలు నేరుగా వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పుతుంది. వెంట వచ్చిన పెద్దాయన పడమటి గోడకు అరచెయ్యి ఆనించి వేడి ఎంతుందో చూస్తాడు.

బేరం సగం తేలేది అక్కడే!

పిల్ల పెళ్లి కోసమో, బెంగళూరులో స్థిరపడిన కొడుకు దగ్గరికి వెళ్లిపోవడానికో ఇల్లు అమ్ముకునేవాళ్లకు ఆ బేరం జీవితంలో ఒక్కసారి వచ్చేది. అందుకే ఎత్తయిన పైకప్పు, గోడల్లేని పెద్ద హాలు ఉంటే నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయని ఆశ. కొత్తగా కట్టేవాళ్లు కూడా ‘రేపు అమ్మినా మంచి రేటొస్తుంది’ అనే ధీమాతోనే ఎత్తు పెంచుతున్నారు. మరి నిజంగా వస్తుందా?

తాతల నాటి మిద్దె

ఎత్తు మనకు కొత్త కాదు. కర్నూలు, కడప పల్లెల్లో పాత మిద్దెలు చూస్తే తెలుస్తుంది. మూరెడు మందం రాతిగోడలు, టేకు దూలాలు, వాటి మీద బండలు, ఆపైన చౌడుమట్టి. కింద నాపరాళ్ల పరుపు. వెలుతురు కోసం కప్పులో వదిలిన గవాచి. ఎండాకాలం మధ్యాహ్నం అందులోకి అడుగుపెడితే ప్రాణం లేచొస్తుంది.

ఆ చల్లదనం ఒక్క ఎత్తు వల్ల వచ్చింది కాదు. మందపు గోడ పగటి వేడిని లోపలికి రానివ్వడానికి గంటల సమయం తీసుకుంటుంది. మట్టికప్పు ఎండను ఆపుతుంది. పైకి చేరిన వేడిగాలి గవాచిలోంచి బయటికి పోతుంది. ఇవన్నీ కలిస్తేనే మిద్దె చల్లన.

ఈ కాలం ఇళ్లలో గోడ తొమ్మిది అంగుళాలో, అంతకన్నా తక్కువో. పైన సిమెంటు శ్లాబు. పగలంతా ఎండకు కాగిన శ్లాబు రాత్రంతా వేడిని కిందికి దించుతూనే ఉంటుంది. దాన్ని మూడడుగులు పైకి జరిపితే సెగ కొంత తగ్గే మాట నిజమే. కానీ పైన వెంటిలేటర్లు లేకపోతే వేడిగాలి అక్కడే తిష్ఠ వేస్తుంది. ఎత్తు పెంచినవాళ్లు కూడా ‘దుమ్ము, దోమలు’ అంటూ వెంటిలేటర్లు మూసేస్తున్నారు. ఎత్తుకు పెట్టిన ఖర్చు సగం అక్కడే వృథా.

ఏసీ లెక్క వేరే

పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు ఉన్న గది తీసుకోండి. పైకప్పు పదడుగుల ఎత్తులో ఉంటే లోపలి గాలి 1,440 ఘనపుటడుగులు. పదమూడు అడుగులైతే 1,872. అంటే ఏసీ చల్లబరచాల్సిన గాలి 30 శాతం ఎక్కువ! కరెంటు పోయినప్పుడు హాయినిచ్చే ఎత్తు, కరెంటున్నప్పుడు బిల్లు పెంచుతుందన్నమాట.

ఇంకో సంగతి. అంతస్తుకు మూడడుగులు పెరిగితే ఆరంగుళాల మెట్లు మరో ఆరు ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కొనేటప్పుడు ఆ ఆరు మెట్లనూ లెక్కేస్తారు. రంగులు వేయించాలన్నా, బూజు దులపాలన్నా పెద్ద నిచ్చెనే దిక్కు.

ఇంతకీ ఎంత ఎత్తుండాలి? నివసించే గదులకు కనీసం 2.75 మీటర్లు... అంటే తొమ్మిదడుగులు ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతోంది. పది, పదకొండు అడుగులతో పాటు ఎదురెదురు కిటికీలు, తెరుచుకునే వెంటిలేటర్లు ఉంటే మన ఎండలకు మేలైన ఇల్లే.

మనసు పడేది నిజం

ఎత్తయిన గది చూడగానే మనసు తేలికవడం మాత్రం భ్రమ కాదు. జోన్ మేయర్స్-లెవీ, రుయి ఝు అనే పరిశోధకులు ఎనిమిది, పది అడుగుల ఎత్తున్న గదుల్లో మనుషుల్ని కూర్చోబెట్టి చూశారు. ఎత్తయిన గదిలో ఉన్నవాళ్ల ఆలోచనలు స్వేచ్ఛ వైపు మళ్లాయని 2007లో ప్రకటించారు. కాబట్టి పదిళ్లు చూసి వచ్చినవాళ్లకు ఎత్తయిన ఇల్లు గుర్తుండిపోతుంది. ఇల్లు త్వరగా అమ్ముడుపోవడానికి అది ఉపయోగపడొచ్చు. ధర పెరగడం మాత్రం వేరే కథ.

ఎందుకంటే మన దగ్గర ఇంటి లెక్కంతా సెంట్లలో, చదరపుటడుగుల్లో. రిజిస్ట్రేషన్‌కు చూసేది స్థలం విలువ, కట్టడం విస్తీర్ణం. బ్యాంకు తరఫున వచ్చే ఇంజినీరూ స్థలానికి మార్కెట్ ధర వేసి, కట్టడానికి వయసును బట్టి తరుగు తీస్తాడు. పాత ఇల్లయితే కొనేవాళ్లు చాలామంది స్థలానికే వెల కడతారు. దూలాలు, తలుపులు, బండలు విడిగా అమ్ముడుపోతాయి. పైకప్పు కింద ఉన్న ఖాళీకి మాత్రం ఎవరూ వెల కట్టరు!

కర్నూల్లో ఇంకో ఎత్తుకు విలువుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి పొంగి ఊళ్లోకి వచ్చినప్పుడు ఎందరో మిద్దెలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరద చూసినవాళ్లు పైకప్పు కన్నా ముందు పునాది ఎత్తు చూస్తారు. ‘అప్పుడు నీళ్లెంతవరకు వచ్చాయి?’ అని అడుగుతారు.

గోడలు తీసేస్తే...

హాలు, భోజనాల గది, వంటిల్లు అన్నీ ఒక్కటిగా కలిపేయడం ఇప్పుడు మోజు. ఇల్లు విశాలంగా కనిపిస్తుంది, పెళ్లిచూపులకైనా వ్రతానికైనా నలుగురు కూర్చోవచ్చు. సందేహం లేదు. అయితే ఉగ్గానికి తోడు మిరపకాయ బజ్జీ వేసిన పూట చూడాలి! నూనె పొగ, పోపు ఘాటు పడకగది పరదాల దాకా వెళ్తాయి. పరీక్షలకు చదివే పిల్లలకు టీవీ మోత తప్పదు. పూజగదికి చోటెక్కడని పెద్దలు అడుగుతారు. హాలు ఒక్కటే చల్లబరుద్దామన్నా కుదరదు.

అందుకే మధ్యేమార్గం మేలు. హాలు, భోజనాల చోటు కలిపి ఉంచి, వంటింటికి తలుపు పెట్టుకుంటే రెండు రకాల కొనుగోలుదారులకూ నచ్చుతుంది.

అమ్మకం కోసమని పాత ఇంట్లో గోడలు పడగొట్టే పని మాత్రం వద్దు. రాతి మిద్దెల్లో, స్తంభాల్లేని ఇళ్లలో కప్పు బరువంతా మోసేది గోడలే. ఇంజినీరు చూసి సరేనంటే తప్ప ఒక్క రాయి కూడా కదిలించకూడదు.

అమ్మేముందు...

తక్కువ ఎత్తు ఉన్న ఇల్లని దిగులు అక్కర్లేదు. మూసిన వెంటిలేటర్లు తెరిపించండి. అడ్డంగా ఉన్న బీరువాలు, అటక మీద సామాన్లు తీసేస్తే గది దానంతటదే పెద్దదవుతుంది. మిద్దె మీద తెల్ల సున్నం కొట్టిస్తే శ్లాబు వేడి తగ్గుతుంది. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల కోసం ఏకంగా ఒక విధానమే తెచ్చింది. బోరు, మంచినీటి కుళాయి సరిచేయించి, పన్ను రశీదులు, లింకు పత్రాలు ఒకచోట పెట్టుకోండి.

కొత్తగా కట్టేవాళ్లయితే ఎత్తు పెంచుకోండి... రేపటి కొనుగోలుదారు కోసం కాదు, ఇవాళ ఆ ఇంట్లో నిద్రపోయే మీవాళ్ల కోసం. అమ్మే రోజు వస్తే ఆ పెద్దాయన ఎలాగూ గోడకు చెయ్యి ఆనిస్తాడు. చల్లగా తగిలితే చాలు, సగం బేరం కుదిరినట్టే!